మాటలతో వైద్యం: ఏది ఎవరికి?



మనసు బాగోలేకపోతే మాట్లాడితే తగ్గుతుందా అని చాలామంది అడుగుతుంటారు. చాలామందికి తగ్గుతుంది. అయితే అరుగు మీద కబుర్లు వేరు, సైకోథెరపీ వేరు. అందులోనూ రకాలున్నాయి.

ఎక్కువగా వినబడేది సీబీటీ, అంటే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ; ఆలోచననూ ప్రవర్తననూ మార్చే పద్ధతి. 1960లలో అమెరికా మానసిక వైద్యుడు ఆరన్ బెక్ దీనికి పునాది వేశారు. ఉదాహరణకు, పరీక్ష తప్పిన కుర్రాడు 'నేనెందుకూ పనికిరాను' అనుకుని గది దాటడు. దాటకపోయేకొద్దీ ఆ మాటే నిజమనిపిస్తుంది. థెరపిస్టు ఆ ఆలోచనను కాగితం మీద రాయించి, దీనికి రుజువేదీ అని అడుగుతారు. చిన్నచిన్న పనులు అప్పగిస్తారు. అవునండీ, ఇక్కడా హోంవర్కు తప్పదు! మామూలుగా వారానికోసారి, కొన్ని నెలలు.

ఇందులోనే మరో పద్ధతి ఉంది: తాళం వేశానా లేదా అని పదిసార్లు చూసుకునే ఓసీడీ ఉన్నవారికి, ఒక్కసారే వేసి, వెనక్కి వెళ్లకుండా ఆ గుబులును ఓర్చుకోవడం మెల్లగా అలవాటు చేస్తారు. ఎవరితో మెలిగినా అవే పాత గొడవలు ఎదురవుతుంటే, వాటి మూలాలను గతంలో వెతికే సైకోడైనమిక్ థెరపీ; దానికి ఓపిక కావాలి. ఇంటిల్లిపాదికీ చిక్కుముడి పడితే ఫ్యామిలీ థెరపీ.

నన్నడిగితే, పద్ధతి ఎంత ముఖ్యమో థెరపిస్టుతో కుదరడమూ అంతే ముఖ్యం. మొదటి రోజే చదువేమిటి, ఏ పద్ధతి, ఎన్నాళ్లు అని అడగండి. క్లినికల్ సైకాలజిస్టయితే రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడం తప్పేం కాదు. కుదరకపోతే మొహమాటపడకుండా మార్చుకోండి. వాడుతున్న మందులు మాత్రం డాక్టరుకు చెప్పకుండా ఆపకండి.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది, నంబరు 14416. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.