పసిబిడ్డలు, జఠరామ్లం: మందు ఎప్పుడు అవసరం?

(ప్రసంగ పాఠం)

పాలు తాగిన పసిబిడ్డ కొద్దిసేపటికే కొంత కక్కివేయడం ప్రతి ఇంటా కనిపించేదే. అన్నవాహిక జీర్ణాశయంతో కలిసేచోట కండరాలతో ఏర్పడిన ద్వారమొకటి ఉంటుంది. శైశవంలో అది తరచుగా సడలుతుంది. పైగా బిడ్డ ఆహారం ద్రవరూపంలో ఉంటుంది. బిడ్డ ఎక్కువసేపు పడుకొనే ఉంటుంది. అందుచేత పాలు పైకి వస్తాయి. నాలుగవ నెల ప్రాంతంలో అధికంగా ఉండే ఈ స్థితి, చాలామందిలో ఏడాది, ఏడాదిన్నర వయస్సు నాటికి దానంతటదే తగ్గిపోతుంది. బరువు సక్రమంగా పెరుగుతూ ఉల్లాసంగా ఉన్న బిడ్డలో ఇది వ్యాధి కాదు.

పైకి వచ్చినది బిడ్డను బాధించే లక్షణాలను గాని, అన్నవాహిక లోపలి పొరకు గాయం వంటి హానిని గాని కలిగించినప్పుడే అది వ్యాధి అవుతుంది. బరువు పెరగకపోవడం, పాలు నిరాకరించడం, వాంతిలో రక్తం కనిపించడం, పెద్దపిల్లలలో విడువని గుండెమంట, మింగుడు పడకపోవడం వైద్యునికి చూపవలసిన లక్షణాలు. ఆకుపచ్చని వాంతి పేగులో అడ్డంకికి సూచన కావచ్చు; అప్పుడు క్షణమైనా ఆలస్యం తగదు.

ఆమ్లాన్ని తగ్గించే ఔషధాల చరిత్ర ఇటీవలిదే. హిస్టమిన్ సంకేతాన్ని అడ్డుకొని ఆమ్లస్రావాన్ని తగ్గించే సిమెటిడిన్ 1976లో బ్రిటన్‌లో వాడుకలోకి వచ్చింది. దాని రూపకల్పనకు మూలపురుషుడైన జేమ్స్ బ్లాక్ 1988లో నోబెల్ బహుమతిని పంచుకున్నారు. అదే సంవత్సరం స్వీడన్‌లో విడుదలైన ఒమెప్రజోల్ ఆమ్లాన్ని స్రవింపజేసే కణాలలోని పంపునే నిలిపివేస్తుంది. అన్నవాహిక పుండుపడిన పిల్లలకు ఈ రెండవ తరగతి మందులు ఎంతో మేలు చేస్తున్నాయి.

అయితే ఇవి సడలిన ద్వారాన్ని బిగించవు. పైకి వచ్చేదానిలోని పులుపును మాత్రమే తగ్గిస్తాయి. 2009లో ప్రచురితమైన ఒక పరిశోధనలో 162 మంది శిశువులలో సగం మందికి లాన్సొప్రజోల్‌ను, తక్కినవారికి మందులేని ద్రావణాన్ని ఇచ్చారు. ఉపశమనం పొందినవారు రెండు వర్గాలలోనూ నూటికి 54 మందే. పైగా శ్వాసకోశపు అంటువ్యాధులు మొదలైన తీవ్ర దుష్ఫలితాలు మందు పుచ్చుకున్న వర్గంలోనే ఎక్కువగా కనిపించాయి.

ఇందులో ఆశ్చర్యం లేదు. జఠరామ్లం శరీరానికి కావలివాడు. ఆహారపానీయాలతో వచ్చే కలరా వంటి వ్యాధుల క్రిములను అది చాలావరకు హతమారుస్తుంది. ఇనుము ఒంటబట్టడానికి తోడ్పడుతుంది. రక్షిత జలం అందరికీ అందని ప్రాంతాలలో ఈ కావలిని అకారణంగా తొలగించడం మరింత ప్రమాదకరం.

అందువల్లనే, ఆరోగ్యంగా ఉన్న శిశువు కక్కినంత మాత్రాన, ఏడ్చినంత మాత్రాన ఈ మందులు ఇవ్వరాదని ఐరోపా, ఉత్తర అమెరికా శిశు జీర్ణకోశ వైద్యుల సంఘాలు 2018లో సూచించాయి. గుండెమంటతో బాధపడే పెద్దపిల్లలకు నాలుగు నుండి ఎనిమిది వారాలు వాడి, ఫలితాన్ని తిరిగి పరీక్షించాలన్నాయి.

కొద్దికొద్దిగా పాలు పట్టడం, భుజాన వేసుకొని తేన్పు తెప్పించడం మొదటి చికిత్స. తల్లిపాలు మానిపించరాదు. నిద్రలో బిడ్డను వెల్లకిలానే పడుకోబెట్టాలి. బోర్లా పరుండబెట్టడం ప్రాణాపాయానికి దారితీయవచ్చు.

దుకాణంలో అడిగి తెచ్చిన మందు పసిబిడ్డకు పట్టరాదు. ఈ సంగతిని చదువుకున్న యువతీయువకులు తమ ఇళ్లలోని తల్లులకు తెలియజెప్పగలిగితే అనవసరమైన మందులు తగ్గుతాయి. నిజంగా అవసరమైన బిడ్డకు సకాలంలో వైద్యం అందుతుంది.