మన దేశంలో ఎత్తయిన శిఖరం ఏది?

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిరుడు వార్షికోత్సవంలో మన మనవలకు పెట్టిన క్విజ్ పోటీకి నన్ను న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టారు. మన దేశంలో అన్నిటికంటె ఎత్తయిన శిఖరం ఏది అన్న ప్రశ్నకు ఒక పాప "నందాదేవి" అని రాసింది. నా చేతిలోని జవాబుల కాగితంలో "కాంచనగంగ" అని ఉంది. కొట్టేశాను. ఆ ఒక్క మార్కుతో పాపకు మొదటి బహుమతి తప్పిపోయింది. "మా తాతయ్య అదే చెప్పారండీ" అంది. తాతగారు పొరబడి ఉంటారులే అన్నాను.

ఇంటికి వెళ్లి పుస్తకాలు తిరగేస్తే తొందరపడింది నేనని తెలిసింది.

కాంచనగంగ ఎత్తు 8586 మీటర్లు. 1852లో ఎవరెస్టు లెక్క తేలేదాకా ప్రపంచంలోకెల్లా ఎత్తయినది అదే అనుకునేవారు. కాని అది సిక్కిం, నేపాల్ సరిహద్దు మీద ఉంది. సిక్కిం మన దేశంలో రాష్ట్రమైంది 1975లో. మనలో చాలామంది అప్పటికే బడి చదువు ముగించి ఉద్యోగాల్లో చేరిపోయాం! 1955లో జో బ్రౌన్, జార్జ్ బాండ్ కాంచనగంగ ఎక్కారు. సిక్కిం ప్రజలకు ఆ శిఖరం దైవమని, కొన్ని అడుగుల దూరంలోనే ఆగి వెనక్కి వచ్చేశారు. నాకు ఆ మర్యాదే గొప్పగా తోచింది.

మన పటంలో చూస్తే 8611 మీటర్ల కె2 ఇంకా ఎత్తు. ఆ ప్రాంతం 1947-48 యుద్ధకాలం నుంచీ పాకిస్తాన్ ఆక్రమణలో ఉంది.

ఇక నందాదేవి. 7816 మీటర్లు. ఉత్తరాఖండ్‌లో, పూర్తిగా మన నేల మీదే ఉన్నవాటిలో ఇదే ఎత్తయినది. చుట్టూ కోటగోడలా కొండలు. రిషిగంగ చీల్చుకొచ్చిన ఇరుకు లోయ ఒక్కటే దారి. 1934లో షిప్టన్, టిల్మన్ ఆ దారిన లోపలికి చేరారు. 1936లో టిల్మన్, ఓడెల్ శిఖరమెక్కారు. 1950లో అన్నపూర్ణ ఎక్కేదాకా మనిషి కాలు పెట్టిన శిఖరాల్లో అన్నిటికంటె ఎత్తయినది ఇదే. అక్కడి అడవినీ జంతువులనూ కాపాడడానికి 1983లో లోపలి ప్రాంతాన్ని పర్వతారోహకులకు మూసేశారు.

కనుక "పూర్తిగా దేశం లోపల" అన్న మాట ప్రశ్నలో లేకపోవడమే తప్పు. ఇచ్చిన బహుమతి వెనక్కి తీసుకోనక్కరలేదు. అలాంటిదే మరొకటి కొని తెచ్చాను, నా ఖర్చే. కోశాధికారిగారు కంగారు పడవద్దు. పాప ఈ రోజు పరీక్ష ఉండి రాలేదట. రెండో వరుసలో ఉన్న తాతగారు దయచేసి వేదిక మీదికి రావాలి.