నీళ్లొదులుకున్నదెవరు?

(ఉద్యోగులు, విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

హక్కుల ముచ్చట వచ్చినప్పుడల్లా మనం ఒక మాట వాడుతం: ‘నీళ్లొదులుకున్నం’. నౌకరీకి నీళ్లొదులుకున్నం, వాటాకు నీళ్లొదులుకున్నం అంటం. హక్కు పోవడానికి, నీళ్లకు ఏం సంబంధం?

మన దగ్గర దానం ఉత్త మాటతో పూర్తి కాదు. ఇచ్చేవాడు పుచ్చుకునేవాని చేతిల నీళ్లు పోయాలె. కన్యాదానంలో మనమందరం చూసిందే. పాత దాన శాసనాల్లో ‘ధారాపూర్వకంగా’ ఇచ్చినట్టు రాసి ఉంటది. ధారతో ఇచ్చింది కాబట్టి ‘ధారాదత్తం’. ‘ధారపోయడం’ అక్కడిదే. చనిపోయినవాళ్లకు వదిలేవి తిలోదకాలు. తిల అంటే నువ్వులు, ఉదకం అంటే నీళ్లు. దానమైనా, తర్పణమైనా చెయ్యి దాటిన నీళ్లను మళ్ల ఎత్తలేం. ఇగ అది నాది కాదు అని చెప్పడమే దాని అర్థం.

మన బమ్మెర పోతన భాగవతంలో బలి చక్రవర్తిని చూడుండ్రి. వచ్చిన వామనుడు ఎవరో శుక్రాచార్యుడు ముందే చెప్పిండు, ఇవ్వొద్దన్నడు, నీళ్లధారకు అడ్డం కూడా పడ్డడు. అన్నీ తెలిసే బలి ధారపోసిండు.

అంటే ఈ మాటకు మూడు షరతులున్నయ్. ఇచ్చేది ఇచ్చేవాని సొంతమై ఉండాలె. ఏమిస్తున్నడో తెలిసి ఉండాలె. నీళ్లు పోసే చెయ్యి అతనిదే కావాలె. వ్యాకరణమూ ఇదే చెప్తది. ‘వదులు’కు ‘కొను’ చేరితే ‘వదులుకొను’. వండుకొను, రాసుకొను లెక్కనే, చేసేది మనమే, దాని ఫలితమూ మనకే. వేరేవాడు గుంజుకుంటే వదులుకున్నం అనం, పోయింది అంటం.

ఈ తేడా చిన్నది కాదు. 1919 నాటి ముల్కీ నిబంధనలు చెల్లుతయని 1972లో సుప్రీంకోర్టు చెప్పింది. 1973లో పార్లమెంటు చట్టం చేసి వాటిని రద్దు చేసింది. అవి మనం వదులుకున్నవి కావు, రద్దయినవి. ‘తెలంగాణ వదులుకున్నది’ అని ఎవరన్న రాస్తే, నీళ్లు పోసిన చెయ్యి ఎవరిదని అడగాలె.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. 2015లో, 811 టీఎంసీల కృష్ణా నీళ్లల్ల తెలంగాణకు 299, ఆంధ్రప్రదేశ్‌కు 512 అని ఒక ఏడాదికి సర్దుబాటు చేసిండ్రు. తర్వాతి ఏండ్లల్ల కూడా అదే లెక్క నడిచింది. 2023లో కేంద్రం రెండు రాష్ట్రాల మధ్య పంపకాన్ని బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్‌కు అప్పగించింది. ఇక్కడ మన మాట అక్షరాలా నీళ్ల గురించే! ఏడాది సర్దుబాటుకు ఒప్పుకొనుడు నీళ్లొదులుకొనుడు కాదు. కానీ ఏటేటా గమ్మున ఉంటే సర్దుబాటే అలవాటైతది. అలవాటును చూపించి రేపు ‘మీరే వదులుకున్నరు కదా’ అంటరు.

కాబట్టి ఉద్యోగ మిత్రులారా, ఫైలు మీద సంతకానికి ముందు గడువు రాయుండ్రి, ‘హక్కులకు భంగం లేకుండా’ అని రాయుండ్రి. విద్యార్థి మిత్రులారా, చరిత్ర రాసేటప్పుడు ‘కోల్పోయినం’ అనేకాడ ‘వదులుకున్నం’ అని రాయకుండ్రి. మనం పొయ్యని ధారను మన చేతికి అంటగట్టనియ్యొద్దు.