పది శాతము తగ్గింపు



మన సంఘములో ఇనుపసామాన్ల కొట్లవారు ఉన్నారు గనుక ఆస్ట్రేలియా వర్తకపు సంగతి ఒకటి మనవి చేస్తాము. మేము రైల్వే గుమాస్తాలము. రేటు చూడగానే మా కన్ను షరతుల మీదికి పోతుంది.

అక్కడ బన్నింగ్స్ అనే పెద్ద కంపెనీ ఉన్నది. అదే సరుకు మరొక కొట్టులో చౌకగా ఉన్నదని చూపితే, ఆ ధర మీద ఇంకా 10 శాతము తగ్గించి ఇస్తామంటుంది. ధర్మప్రభువులే! కాని చిన్న కొట్టువాడు 100 డాలర్ల డ్రిల్లును 90కి దింపినాడనుకోండి. కొనేవాడు ఆ ధర చూపించి పెద్ద కొట్టులో 81కే తెచ్చుకుంటాడు. దింపినవానికి బేరమే లేదు. మరొకసారి దింపుతాడా? అతడు దింపకపోతే కంపెనీ మాత్రము ఎందుకు దింపవలెను? అమెరికా ఆర్థికవేత్త స్టీవెన్ సాలప్ 1986లోనే ఇటువంటి హామీల గుట్టు వ్రాసినాడు.

ఇక షరతులు. సరుకు అచ్చముగా అదే కావలెను, ఎదుటి కొట్టులో నిలవ ఉండవలెను. ఓజిటో మార్కు పనిముట్లు బన్నింగ్స్‌లో తప్ప దొరకవు. వాటికి పోల్చే ధర ఎక్కడ తెస్తారు?

మన కొట్లవారు సుత్తికి పిడి మాత్రమే వేసి ఇస్తారు, నాలుగు మేకులైనా విడిగా అమ్ముతారు, జీతాలరోజు దాకా అరువు పెడతారు. పోటీ వస్తే ముందుగా ధర తగ్గించక, వీటిని నిలుపుకొనవలెనని మా మనవి.