నిబంధనను నూతనపరచుకొనుట
(సంఘం నూతన సంవత్సర సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

మన సంఘంలో అన్ని మతాలవారూ ఉన్నారు. క్రైస్తవునిగా నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. భక్తి చల్లారిపోవడం ఏ ఒక్క మతానికో పరిమితమైన జబ్బు కాదు గనుక, నా మాటలు అందరికీ ఎంతోకొంత పనికివస్తాయని ఆశ.

మనం ఏటేటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం. నిరుడు ఇచ్చాం కదా అంటే ట్రెజరీవారు ఒప్పుకోరు. ఈ ఏడు బతికి ఉన్నామా అన్నదే వారికి కావాలి. భక్తి కూడా అంతే. ఎప్పుడో బాప్తిస్మం పొందాం, సంఘ పుస్తకంలో పేరుంది అనేది పాత రికార్డు. నేడు ఆ భక్తికి ఊపిరి ఉన్నదా అన్నది ప్రశ్న.

బైబిలులో నెహెమ్యా గ్రంథమంటే గుమాస్తాగా పనిచేసిన నాకు ప్రత్యేకమైన ఇష్టం. అందులో జాబితాలు ఎక్కువ. యెరూషలేము గోడ 52 దినాల్లో పూర్తయింది. గోడ లేచింది గాని జనుల మనసులు లేవలేదు. ఎజ్రా ధర్మశాస్త్రం చదివి వినిపిస్తే అందరూ ఏడ్చారు. ఏడ్చి ఊరుకోలేదు, నిబంధన వ్రాసి ముద్రలు వేశారు. 10వ అధ్యాయంలో ఆ పేర్లు లెక్కపెడితే 84. మొదటి పేరు అధికారియైన నెహెమ్యాదే.

వారు వ్రాసినదేమిటో చూడండి. 'ఇకమీదట మంచిగా ఉంటాము' అని కాదు. విశ్రాంతిదినాన సరుకులు కొనము, ఏడవ సంవత్సరాన బాకీలు వదులుకుంటాము, మందిరపు సేవకు ఏటా తులములో మూడవ వంతు ఇస్తాము, బలిపీఠానికి కట్టెలు ఎవరి వంతు ఎప్పుడో చీట్లు వేసి నిర్ణయిస్తాము అని వ్రాశారు. ఫైలు మీద 'తగు చర్య తీసుకొనబడును' అని వ్రాస్తే ఏ చర్యా జరగదని మనకు తెలియనిదా! ఎవరు, ఏమి, ఎప్పుడు అని వ్రాస్తేనే కాగితం కదులుతుంది.

అయినా 13వ అధ్యాయానికి వచ్చేసరికి కథ మారింది. నెహెమ్యా రాజు దగ్గరకు వెళ్ళి తిరిగి వచ్చేసరికి విశ్రాంతిదినాన బజారు సాగుతోంది. పాళ్ళు అందక లేవీయులు పొలాలకు పోయారు. ఆయన విసిగి వదిలేయలేదు, మళ్ళీ మొదలుపెట్టాడు. భక్తిని ఒక్కసారి సరిచేసుకుంటే చాలదని దీని భావం.

ఈ సంగతి గ్రహించినవాడు జాన్ వెస్లీ. 1755 ఆగస్టు 11న లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్‌లో సుమారు 1800 మందితో నిబంధన ఆరాధన జరిపించాడు. తరువాత మెథడిస్టులకు అది కొత్త సంవత్సరపు ఆనవాయితీ అయింది. మన మెదక్ ప్రాంతంలో పనిచేసినవారు వెస్లియన్ మిషనరీలే. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన మెదక్ చర్చి వారి కాలానిదే. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు మెథడిస్టులు కూడా అందులో కలిశారు.

ఆ ఆరాధనలోని ప్రార్థనకు ఒక భావం ఉంది. దేవుడు మనలను పనిలో వాడుకున్నా, పక్కన ఉంచినా సమ్మతమే అని. ఉద్యోగంలో ఉన్నవాడు ఈ మాట తేలిగ్గా అనగలడు. మనం పక్కన ఉన్నవాళ్ళం. రిటైరైన మర్నాటినుంచి మన సంతకం కోసం ఎవరూ ఎదురుచూడరు. ఇంట్లో కూడా సలహా అడిగేవారు తగ్గుతారు. అప్పుడు కూడా 'ప్రభువా, నీ చిత్తమే' అనగలగడం ముసలితనంలో మనం ఇవ్వగలిగిన కానుక.

నా సంగతి ఒక్కటి చెబుతాను. మా ఇంటావిడ కాలం చేసి నాలుగేళ్ళు. అంతకుముందు రాత్రి ప్రార్థనలో ఆమె పాడేది, నేను చదివేవాణ్ణి. ఆమె పోయాక ఆ వేళ అయితే గొంతు పెగిలేది కాదు. అయినా పైకే చదివేవాణ్ణి, ఖాళీ గదిలో. కొన్నాళ్ళకు పక్కవీధి పెన్షనరు ఒకాయన, చూపు మందగించినవారు, 'నాకూ వినిపించండి' అని రావడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఇద్దరం. పక్కన ఉంచిన మనిషికి కూడా దేవుడు పని చూపిస్తాడని అప్పుడు తెలిసింది.

ప్రకటన గ్రంథంలో ఎఫెసు సంఘం కష్టపడి పనిచేసే సంఘమే, కాని మొదటి ప్రేమ వదిలింది. దానికి ప్రభువు చెప్పిన మందు మూడు మాటలే: జ్ఞాపకం చేసుకో, మనసు మార్చుకో, మొదటి క్రియలు మళ్ళీ చెయ్యి. మొదటి అనుభూతులు తెచ్చుకోమనలేదు, క్రియలు చేయమన్నాడు. మనసు కుదిరాక మోకరిద్దామంటే ఈ వయసులో మోకాళ్ళూ ఆగవు.

కాబట్టి ఈ సంవత్సరం ఒక తెల్లకాగితం తీసుకోండి. చేయగలిగినవి రెండో మూడో వ్రాయండి. ఫలానా వేళ ప్రార్థన. మాటలు లేని తమ్ముడికి ఒక ఉత్తరం. పెన్షనులో ఇంత భాగం ఆకలిగొన్నవారికి. కింద తేదీ వేసి సంతకం చేయండి. ఆఫీసులో చెల్లని మన సంతకం దేవుని దగ్గర ఇంకా చెల్లుతుంది.