పెద్ద బండి – చిన్న సందు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆర్టీసీలో 31 ఏళ్ళు స్టీరింగు పట్టి రిటైరయ్యాక, కొన్నాళ్ళు శ్రీనగర్ కాలనీలో సినిమావాళ్ళ క్యారవాన్ నడిపాను. నటీనటులు మేకప్ వేసుకుని, కాసేపు నడుం వాల్చే బండి అది. ఇప్పుడు మన పిల్లలు కూడా అలాంటి బండి అద్దెకు తీసుకుని యాత్రలకు పోదామంటున్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఒకనాడు తెల్లవారుజామున, దగ్గర దారి కదా అని ఎల్లారెడ్డిగూడ వైపు ఒక సందులోకి తిప్పాను. బస్సు నడిపినవాణ్ణి, ఇదెంత అన్న ధీమా! బస్సు రూటును మనకంటే ముందే ఎవరో చూసి ఖాయం చేస్తారు. ఈ బండికి ఆ భాగ్యం లేదు. వంద గజాలు పోయేసరికి ఒక పక్క కారు, మరో పక్క ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, పైన కేబుల్ తీగలు. వెనక్కి తీయక తప్పలేదు. హెల్పరు కుర్రాడు "రానీ, రానీ" అంటున్నాడు. గొంతు వినబడుతోంది గాని అద్దంలో మనిషి లేడు. పాత అలవాటు కొద్దీ బ్రేకు తొక్కాను. దిగి చూస్తే, బంపరుకు మూరెడు దూరంలో ఒక ముసలమ్మ ముగ్గు వేస్తోంది! కుర్రాడేమో అవతలి గోడను చూస్తున్నాడు. తప్పు వాడిది కాదు. ఎక్కడ నిలబడాలో నేను చెప్పలేదు. ఆమెకు దండం పెట్టాను. "నిదానం నాయనా" అంది.

ఆనాటి నుంచి కొన్ని నియమాలు పెట్టుకున్నాను. బండి పొడవు, వెడల్పు, ఎత్తు కాగితం మీద రాసి కళ్ళెదుట అంటించాను. ఎత్తు కొలిచేటప్పుడు కప్పు మీది ఏసీ పెట్టెను మరవకండి. కొత్త చోటైతే ముందురోజే స్కూటరు మీద వెళ్ళి చూసి రావాలి. ఫోనులో దారి కనబడుతుంది గాని, ఆ దారిలో మన బండి పడుతుందని హామీ లేదు. మలుపులో వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో రావు, లోపలివైపుకు కోసుకొస్తాయి. బండి తోక బయటివైపుకు ఊగుతుంది. కాబట్టి కాస్త ముందుకు పోయి తిప్పాలి. అనుమానం వస్తే పెద్ద రోడ్డు మీదే ఆపి, దిగి నడిచి చూడాలి. వెనక్కి తీసేటప్పుడు సైగ చేసే మనిషి అద్దంలో కనబడాలి. కనబడని క్షణాన ఆపెయ్యాలి.

మా కండక్టరు మిత్రులు ఈ సభలో ఉన్నారు. వారి "హోల్డాన్" కేక నన్నెన్నిసార్లు కాపాడిందో లెక్కలేదు. ఆ కుర్రాడికీ మొదట ఆ మాటే నేర్పాను.