టోపీ చేయించండి, టోపీ పెట్టించుకోకండి

ఈ ఎపిసోడ్‌లో టోపీల గురించి మాట్లాడుకుందాం. మన భాషలో "వాడు నాకు టోపీ పెట్టాడు" అంటే మోసం చేశాడని అర్థం కాబట్టి ఈ మాట వినగానే నవ్వొస్తుంది. నవ్వుకోండి, పర్లేదు. కానీ చిన్న వ్యాపారం పెట్టిన కుర్రాళ్ళు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది: "అన్నా, షాపు పేరుతో టోపీలు చేయిద్దామనుకుంటున్నా. ఏవి తీసుకోమంటావ్?"

నేను వెంటనే తిరిగి ఒకటి అడుగుతాను. "ఆ టోపీ ఎవరు పెట్టుకుంటారు? ఎక్కడ నిలబడి పెట్టుకుంటారు?" చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు. లోగో రెడీగా ఉంటుంది, కలర్ రెడీగా ఉంటుంది, తల మాత్రం గుర్తుండదు. ఈరోజు నేను చెప్పేదంతా ఒక్క మాటలో ఇదే: ముందు తలను చూడండి, తర్వాత లోగో చూడండి. పెట్టుకోని టోపీ మీద ఎంత అందమైన లోగో ఉన్నా అది అల్మరాలో పడి ఉన్న మీ డబ్బే.

ఈ ప్రచారం టోపీ కొత్తదేమీ కాదు. ముందు భాగం స్పాంజ్‌తో, వెనక జాలీతో ఉండే టోపీని ట్రక్కర్ క్యాప్ అంటాం కదా. అమెరికాలో 1960లు, 70లలో దాణా కంపెనీలు, వ్యవసాయ సామాన్ల కంపెనీలు రైతులకీ, లారీ డ్రైవర్లకీ ఇలాంటివి ఉచితంగా పంచేవి. ఎందుకు పనిచేసింది? గాలి ఆడేది, ఎండ ఆపేది, అందుకని వాళ్ళు రోజూ పెట్టుకున్నారు. కంపెనీ పేరు దానంతట అదే ఊరంతా తిరిగింది. ఇక మన ఎలక్షన్ టోపీ చూడండి. ర్యాలీ అయ్యేవరకు తల మీద, మర్నాడు రోడ్డు పక్కన. పల్చటి గుడ్డ, ఒక్క వానకే రంగు దిగుతుంది. మీరు చేయించేది ఈ రెండిటిలో ఏ రకమో ముందే తేల్చుకోవాలి.

ఒక ఉదాహరణ పట్టుకుని ముందుకెళ్దాం. విజయవాడలో ఒక టిఫిన్ బండి అనుకోండి. మొత్తం ఏడుగురు. ఇద్దరు పొయ్యి దగ్గర, ఇద్దరు సప్లై, ఒకమ్మాయి కౌంటర్, ఇద్దరు బైక్ మీద డెలివరీ. అందరికీ ఒకే టోపీ కొనేస్తే పని అయిపోయినట్టు అనిపిస్తుంది. అవదు.

పొయ్యి దగ్గరున్న వాళ్ళకి టోపీ అలంకారం కోసం కాదు. 2011 నాటి ఆహార భద్రత లైసెన్సింగ్ నిబంధనల్లో షెడ్యూల్ 4 అని ఒకటి ఉంది. వంట చేసేవాళ్ళు, వడ్డించేవాళ్ళు తల కప్పుకోవాలని అందులో ఉంది. మామూలు క్రికెట్ టోపీ పెడితే వెనక జుట్టు బయటే ఉంటుంది. కాబట్టి వీళ్ళకి జుట్టు మొత్తం లోపలికి వెళ్ళే మెత్తటి కాటన్ వంటవాళ్ళ టోపీ కావాలి. రోజూ ఉతికినా తట్టుకోవాలి. నూనె చేతులు తగులుతాయి కాబట్టి తెలుపు వద్దు.

డెలివరీ తమ్ముళ్ళ సంగతి ఇంకా జాగ్రత్తగా వినండి. టోపీ హెల్మెట్ కాదు. బండి మీద ఉన్నంతసేపు తల మీద ఉండాల్సింది హెల్మెట్. టోపీ నడినెత్తిన చిన్న గుండీ ఉంటుంది చూశారా, హెల్మెట్ లోపల అదే గుచ్చుకుంటుంది. కొంతమంది ఆ బాధ పడలేక హెల్మెట్ తీసి హ్యాండిల్‌కి తగిలించి, టోపీతోనే పోతుంటారు. మీ షాపు పేరు కనబడటం కోసం ఒక మనిషి తల పణంగా పెట్టకూడదు. వాళ్ళకి టోపీ బదులు టీషర్ట్ మీద, డెలివరీ బ్యాగ్ మీద పేరు వేయించండి. టోపీ ఇస్తే బండి దిగాకే పెట్టుకోవాలని గట్టిగా చెప్పండి.

కౌంటర్ దగ్గర అమ్మాయికి జడ ఉంటుంది, కొప్పు ఉంటుంది. వెనక వెల్క్రో ఉన్న టోపీ ఇస్తే జుట్టు అందులో చిక్కుకుంటుంది, తీసేటప్పుడు నాలుగు వెంట్రుకలు ఊడొస్తాయి. రెండు రోజులు పెట్టుకుని మూడో రోజు మానేస్తుంది. గుడ్డ పట్టీకి లోహపు బకిల్ ఉన్నది ఇవ్వండి. అదీగాక, వెల్క్రో ఉతికేకొద్దీ దారప్పోగులు పట్టి అతుక్కోవడం మానేస్తుంది.

చూశారుగా, ఏడుగురికి మూడు రకాల అవసరాలు. ఇవి తెలియాలంటే పెద్ద రీసెర్చ్ ఏమీ అక్కర్లేదు. వాళ్ళనే అడగండి. "ఈ రెండు టోపీల్లో ఏది పెట్టుకుని పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఉండగలవు?" ఈ ఒక్క ప్రశ్న చాలు.

ఇప్పుడు ఎండ. మే నెలలో విజయవాడలో బయట నిలబడి పనిచేసేవాడికి నల్ల టోపీ ఇవ్వడం అన్యాయం. ఫోటోలో నలుపు మీద బంగారు దారం అదిరిపోతుంది, నిజమే. కానీ ముదురు రంగు వేడిని ఎక్కువ లాగుతుంది. పైగా చెమట ఆరాక నలుపు మీద తెల్లటి ఉప్పు చారలు తేలతాయి. లేత బూడిద, ఖాకీ, ఇసుక రంగు లాంటివి మురికినీ దాస్తాయి, వేడీ తక్కువ. లోపల నుదుటికి తగిలే పట్టీ కాటన్‌దే ఉండాలి. ప్లాస్టిక్‌లా జారే పట్టీ అయితే చెమట పీల్చదు, కళ్ళలోకి కారుతుంది.

నర్సరీ, పొలం సామాన్లు, రోడ్డు పక్కన పళ్ళ బండి లాంటివాళ్ళయితే ముందు అంచు మాత్రమే ఉన్న టోపీ కంటే చుట్టూ అంచున్న బకెట్ టోపీ మేలు. చెవులు, మెడ కూడా నీడలో ఉంటాయి. అయితే ఏ టోపీ అయినా వడదెబ్బని ఒంటరిగా ఆపలేదు. నీళ్ళు, నీడ, మధ్యాహ్నం కాస్త విరామం, ఇవి కూడా ఇవ్వాలి.

తల అయింది, లోగోకి వద్దాం. షాపువాడు రెండు పదాలు వాడతాడు: ఐదు ప్యానెల్, ఆరు ప్యానెల్. అంటే టోపీ ఎన్ని ముక్కలతో కుట్టారని. ఆరు ప్యానెల్‌కి నుదుటి మధ్యలో కుట్టు వస్తుంది. సన్నటి అక్షరం సరిగ్గా ఆ కుట్టు మీద పడితే వంకర పోతుంది. ఐదు ప్యానెల్‌కి ముందు భాగం ఒకే ముక్క, ప్రింటింగ్‌కి సాఫీగా ఉంటుంది. ఇంకొకటి బక్రం. షర్ట్ కాలర్‌లో టైలర్ వేస్తాడే, అదే. ముందు భాగంలో బక్రం ఉంటే టోపీ నిటారుగా నిలబడుతుంది, ఎంబ్రాయిడరీ నీట్‌గా కూర్చుంటుంది. బక్రం లేనిది తలకి మెత్తగా, హాయిగా ఉంటుంది కానీ దాని మీద దట్టంగా కుడితే గుడ్డ ముడతలు పడుతుంది. అలాంటిదానికి చిన్న, తేలికైన డిజైన్ సరిపోతుంది.

ఎంబ్రాయిడరీనా, ప్రింటా? ఎక్కువ కాలం రోజూ వాడేదానికి నా ఓటు ఎంబ్రాయిడరీకే. దారం ఉతుకులకి తట్టుకుంటుంది. స్పాంజ్ ముందున్న టోపీకీ, రంగులు కలిసిపోయే లోగోకీ, ఫోటోలాంటి బొమ్మకీ ప్రింటే దారి. డీటీఎఫ్ అంటే ఫిల్మ్ మీద ప్రింట్ తీసి వేడితో అతికించడం. సరిగ్గా అతికించకపోతే కొన్నాళ్ళకి అంచులు లేస్తాయి. సబ్లిమేషన్ అంటాడు కొందరు, అది లేత రంగు పాలిస్టర్ మీదే పట్టుతుంది. కాటన్ టోపీ మీద సబ్లిమేషన్ చేస్తానంటే అక్కడే ఆగి ఇంకోసారి అడగండి.

తెలుగులో పేరు వేయించేవాళ్ళు ఇది తప్పకుండా వినాలి. ఇంగ్లీష్ అక్షరాలన్నీ దాదాపు ఒకే వరుసలో ఉంటాయి. మనకి పైన గుడులు, కింద ఒత్తులు. "లక్ష్మి" అని రాస్తే పైన గుడి, కింద ఒత్తులు, అంతా ఒకే అక్షరానికి. చిన్న సైజులో దారంతో కుడితే ఒత్తు ముద్దయిపోతుంది, సున్నా మధ్యలో ఖాళీ మూసుకుపోతుంది. అసలు అక్షరం కనీసం పావు అంగుళం ఎత్తు ఉండాలి, ఒత్తులు ఉంటే అంతకంటే పెద్దగా వేయించండి. షాపు బోర్డు మీది పొడవాటి పేరంతా టోపీ మీదకి ఎక్కించొద్దు. జనం మిమ్మల్ని నోటితో ఏ పేరు పెట్టి పిలుస్తారో ఆ ఒక్క మాట చాలు. ఫోన్ నంబర్, అడ్రస్, "ఫ్రీ హోమ్ డెలివరీ" ఇవన్నీ నుదుటి మీద ఎవరూ చదవరు. ఎదుటివాడి మొహంలోకి అంతసేపు చూస్తే గొడవే.

ఫైల్ పంపడంలో కూడా చిక్కుంది. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే క్వాలిటీ పడిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి. లోగో చేసినవాళ్ళ దగ్గర కోరల్‌డ్రా ఫైల్ గానీ పీడీఎఫ్ గానీ తీసుకుని, తెలుగు అక్షరాలని కర్వ్స్‌గా మార్చి ఇమ్మనండి. లేకపోతే అవతలివాడి కంప్యూటర్‌లో మీ ఫాంట్ లేనప్పుడు ఒత్తులు విడిపోయి పక్కన కూర్చుంటాయి. ఇంకో మాట, ట్రేడ్‌మార్క్ రిజిస్టర్ కాకుండానే వృత్తంలో ఆర్ గుర్తు పెట్టించొద్దు. స్టయిల్‌గా ఉంటుందని పెడతారు గానీ చట్టప్రకారం అది తప్పు.

ఇక డబ్బు లెక్క. ఎంబ్రాయిడరీకి ముందు మీ లోగోని మిషన్‌కి అర్థమయ్యే ఫైల్‌గా మార్చాలి, దాన్ని పంచింగ్ అంటారు. దీనికి ఒక్కసారే చార్జ్. ఉదాహరణకి పంచింగ్ 500 రూపాయలనుకోండి. 20 టోపీలైతే ఒక్కోదాని మీద 25 రూపాయలు పడుతుంది. 100 అయితే 5 రూపాయలే. ఇక్కడే షాపువాడు "వంద చేయించు, చవక" అంటాడు. మనిషికి రెండు లెక్కన, ఒకటి తల మీద, ఒకటి ఉతుకులో. ఏడుగురికి 14. కొత్తగా చేరేవాళ్ళకి ఇంకో ఆరు. 20తో మీ పని అయిపోతుంది. మిగతా 80 ఎవరి కోసం? రోజూ వచ్చే కస్టమర్లకి ఇస్తానంటే మంచిదే, కానీ ఆ లెక్క ముందే వేసుకోండి. చవక అని కొన్న 80 మిగిలితే, టోపీ మీరు కొన్నట్టు కాదు, మీకే పెట్టినట్టు. డబ్బు కట్టాక ఆ పంచింగ్ ఫైల్ కూడా అడిగి తీసుకోండి. రేపు ఇంకో షాపులో చేయించినా పనికొస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం శాంపిల్. ఒక్కటి చేయించి ఇంటికి తెచ్చుకోండి. తెల్ల గుడ్డ తడిపి గట్టిగా రుద్దండి, రంగు అంటుకుంటే వద్దు. రెండుసార్లు ఉతికి ఆరేయండి, కుదించుకుపోయిందేమో చూడండి. తర్వాత ఎండలో పనిచేసే మనిషికి ఇచ్చి ఒక రోజంతా పెట్టుకోమనండి. సాయంత్రం నుదుటి మీద ఎర్రటి గీత ఉందా, తలనొప్పి వచ్చిందా అడగండి. మీరు ఏసీలో అద్దం ముందు పెట్టుకుని చూసుకోవడం శాంపిల్ టెస్ట్ కాదు.

నచ్చితే ఆర్డర్ మొత్తం ఒకే వాట్సాప్ మెసేజ్‌గా రాయండి. ఇలా: "20 టోపీలు. లేత బూడిద రంగు, కాటన్, వెనక బకిల్. లోగో ముందువైపు, వెడల్పు 9 సెంటీమీటర్లు, ముదురు ఆకుపచ్చ దారం. శాంపిల్ ఫోటో జత చేశాను. ఒక్కోటి ఇంత, జీఎస్టీతో కలిపి. ఫలానా తేదీకి ఇవ్వాలి. శాంపిల్‌కి తేడా ఉన్నవి మార్చి ఇవ్వాలి." అవతలి నుంచి "ఓకే" వచ్చాకే అడ్వాన్స్. మొత్తం డబ్బు ముందే ఇవ్వకండి. నోటిమాట మీద నడిచే ఆర్డర్‌లో తేడా వస్తే నష్టపోయేది డబ్బు ముందు ఇచ్చినవాడే.

చివరగా ఒకటి. ఆ టోపీ డబ్బులు జీతంలో కోసుకోవద్దు. అది మీ ప్రచారం, వాళ్ళ తల అద్దెకిచ్చినట్టు. ఒక చిన్న పరీక్ష చెప్తాను. డ్యూటీ అయిపోయాక మీ కుర్రాడు టోపీ తీసి కౌంటర్ కింద విసిరేస్తున్నాడా, అలాగే పెట్టుకుని ఇంటికి వెళ్తున్నాడా గమనించండి. అలాగే పెట్టుకుని వెళ్తే మీ డబ్బు వసూలైనట్టే. విసిరేస్తే మాత్రం తిట్టొద్దు, ఎందుకని అడగండి. అతను చెప్పే జవాబే మీ తర్వాతి ఆర్డర్‌లో మొదటి లైన్.